కరెంటు పోతే నెట్ ఎందుకు ఆగిపోతోంది? రౌటర్‌కి యూపీఎస్ ఉంది

ప్రశ్న:
బిల్డింగ్ కింద వరకు ఫైబర్. అక్కడి డీపీయూ పెట్టె (ఫైబర్ సిగ్నల్‌ని రాగి తీగ మీదకి మార్చేది) నుంచి ఇంట్లోకి పాత ఫోన్ తీగ మీద జీ.ఫాస్ట్, అంటే రాగి తీగ మీదే వేగంగా నెట్ ఇచ్చే పద్ధతి. రౌటర్ యూపీఎస్ మీద వెలుగుతూనే ఉంటుంది, కానీ కరెంటు పోగానే లైన్ లైటు ఆరిపోతుంది. పగలంతా అమ్మ ఒక్కతే ఉంటుంది, ఫోన్ కూడా దీని మీదే. చాలా టెన్షన్‌గా ఉందండి.

జవాబు 1:
ఆ పెట్టెకు కరెంటు మీ ఇంటి నుంచే, అదే రాగి తీగ మీద వెళ్తుండొచ్చు. దాన్ని రివర్స్ పవర్ అంటారు. రౌటర్‌కీ గోడ సాకెట్‌కీ మధ్య ఇంకో చిన్న పెట్టె ఉందేమో చూడండి, అదే తీగలోకి కరెంటు పంపే ఇంజెక్టర్. దాన్నీ యూపీఎస్‌కి పెట్టాలి. పాత ల్యాండ్‌లైన్‌కి ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి కాబట్టి ఈ బాధ ఉండేది కాదు.

తీగ కూడా చూసుకోండి. జీ.ఫాస్ట్ 106 మెగాహెర్ట్జ్ వరకు, కొన్నిచోట్ల 212 వరకు వాడుతుంది, అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో జాయింట్ బాగోకపోతే లైన్ తెగుతుంది. నేను ఒకసారి జాయింట్ విప్పితే రాగి ఆకుపచ్చగా పట్టి ఉంది. చివర కత్తిరించి కొత్తగా కలిపాక లైన్ తెగడం ఆగింది.

జవాబు 2:
పూర్తి ఫైబర్‌కి మారినా ఓఎన్‌టీకి (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) కరెంటు కావాల్సిందే, గాజు తీగలో కరెంటు రాదు. చాలావాటికి 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు, ఆంపియర్లు సరిచూసుకోండి. ఫైబర్‌ని తలుపు సందులో మడవకండి. వంపుని బాగా తట్టుకునే జీ.657.ఏ2 రకం ఫైబర్ అయినా వంపు వ్యాసార్థం 7.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

అడిగినవారు:
ఇంజెక్టర్ సోఫా వెనక దొరికింది! యూపీఎస్‌కి మార్చి మెయిన్ ఆపి చూశా, లైన్ నిలిచింది. అమ్మతో ఫోన్ చేయించి కూడా చూశాను.