చీమకుర్తిలో బడి పక్కనే రాళ్ల దుమ్ము, ఏం చేయాలి?

మా పాప నాలుగో తరగతి. బడి వెనకే గ్రానైట్ కోసే యూనిట్, ముందు లారీలు. పొద్దున తుడిచిన బెంచీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. రాత్రంతా పొడి దగ్గు. టెన్షన్‌గా ఉంది, ఎవరికి చెప్పాలి?

జవాబు 1: అన్నా, ముందు డాక్టరుకి చూపించండి. కంటికి కనపడే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగుతుంది, కనపడని పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు ఉండే సన్నని ధూళి, ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది, పిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి వాళ్లకే ఎక్కువ ముప్పు. గదుల్లో చీపురు వద్దు, తడిగుడ్డతో తుడిపించండి.

జవాబు 2: మన దేశంలో గాలిలో ధూళికి 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు పీఎం 10 (10 మైక్రాన్ల లోపు ధూళి) అయితే 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 60. బడి దగ్గరే కొలవమని కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. ఒంగోలు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్తే మంచిది.

అడిగినవారు: సరే అన్నా, ఈ సోమవారమే వెళ్తాం. బెంచీ ఫొటోలు కూడా పెడతా.