ముప్పూటలా ఇంటి భోజనమే, అయినా పాపకి చాలట్లేదా?

పటమట అమ్మ
అందరికీ నమస్తే అండి. మా ఇంట్లో వారం నుంచి ఒకటే గొడవ, మీరే తేల్చాలి. మా పాపకి పదహారు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. సాయంత్రానికి వడిలిపోయి వస్తోంది. స్టడీ అవర్లో నిద్ర ఆగట్లేదంటోంది. మా వారేమో "దీనికి ప్రోటీన్ లేదు, పౌడరు డబ్బా తెద్దాం" అంటారు. మా అత్తగారు "ముప్పూటలా ఇంటి తిండి తినే పిల్లకి డబ్బాలేంటి, దిష్టి తియ్యండి" అంటారు. నాకు ఇద్దరి మాటా పూర్తిగా ఎక్కట్లేదు.

మొన్న బుధవారం అది తిన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నా. పొద్దున ఆరింటికి అర గ్లాసు టీ, రెండు బిస్కెట్లు. ఏడుంబావుకి బస్సు, అందుకని పల్లీ చట్నీతో రెండు ఇడ్లీలు నిలబడే తింటుంది, ఒక్కోరోజు ఒకటే. క్యారేజీలో అన్నం, దొండకాయ వేపుడు, పెరుగన్నం. పప్పు పెట్టను, ఒకసారి గిన్నె కారి రికార్డు పాడైంది. సాయంత్రం కాలేజీ దగ్గర ఒక ప్లేటు పునుగులు. రాత్రి తొమ్మిదిన్నరకి అన్నం, టమాటా పప్పు రెండు గరిటెలు, ఆవకాయ, పెరుగు. పాలు తాగదు, వాసనట. గుడ్డు వారానికి రెండుసార్లు, ఆదివారం చికెన్. మంగళ, శనివారాలు మా ఇంట్లో నీచు వండం. పండంటే ఇంట్లో ఉంటే అరటిపండు.

ఇది సరైన తిండేనా, కాదా? నిజం చెప్పండి, నొచ్చుకోను.

బ్రాడీపేట మాస్టారు
అమ్మాయ్, నువ్వు రాసినదాంట్లో నాకు కనిపించిన తప్పు ఒక్కటే: పునుగులు. మరిగి మరిగి నల్లబడ్డ నూనెలో తేలినవి రోజూ ఒక ప్లేటు తింటే ఏ పిల్లయినా వడిలిపోతుంది. మిగతాదంతా మన తాతల నాటి తిండే. అన్నం, పప్పు, పచ్చడి, పెరుగు. దీంతోనే గుంటూరు, కృష్ణా జిల్లాల్లో తరాలు పెరిగాయి. నేను చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ నంజుకుని నాలుగు మైళ్ళు నడిచి బడికి వెళ్ళినవాణ్ణి. అప్పుడు ఈ ప్రోటీన్ అనే మాటే లేదు. పౌడర్లు వద్దు, దిష్టీ వద్దు. బయట తిండి మాన్పించు, చాలు.

జిమ్ము రాజా
మాస్టారూ, అప్పటి పిల్లలు పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా బెంచీ మీద కూర్చుని చదవలేదు కదండీ. మంచి కంపెనీ వే పౌడరు (పాల విరుగుడు నీళ్ళతో చేసేది) ఒక స్కూపులో 24 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. సాయంత్రం అది కలిపిస్తే పునుగుల జోలికే వెళ్ళదు. బావగారు చెప్పింది రైటే అక్కా.

హోంసైన్సు టీచర్
ఒక్క నిమిషం. ఎవరూ లెక్క వెయ్యకుండానే తీర్పులిచ్చేస్తున్నారు. నేను వేశాను.

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ 2020 పట్టిక ప్రకారం 16-18 ఏళ్ళ ఆడపిల్లకి రోజుకి సుమారు 46 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఈ పాప రెండు పూటలా కలిపి పావుకిలో బియ్యం అన్నం తింటుందనుకుంటే అందులోనే 18 గ్రాములు దాకా వచ్చేస్తుంది. పెరుగు ఆరు, ఇడ్లీ చట్నీ ఆరు, పప్పు నాలుగైదు, పునుగులు, బిస్కెట్లు, టీలో పాలు కలిపి ఇంకో ఆరేడు. నలభై దాటుతోంది. అంటే తగ్గేది ఒక గుడ్డంత. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. దీని కోసం వేల రూపాయల డబ్బా ఎందుకు రాజా? కాకపోతే ఒక మాట ఉంది. ఆ నలభైలో సగం దాకా బియ్యం నుంచే వస్తోంది. బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది ఎక్కువ. రెండూ ఒకే కంచంలో కలిస్తే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. మనవాళ్ళ పప్పన్నంలో ఉన్న తెలివి అదే. కానీ మీరు మధ్యాహ్నం పప్పే పెట్టట్లేదు!

ఇక అసలు సంగతి. ఇదే పట్టికలో ఈ వయసు ఆడపిల్లకి రోజుకి 32 మిల్లీగ్రాముల ఐరన్ అన్నారు. అదే వయసు మగపిల్లాడికి 26. కాల్షియం ఇద్దరికీ 1050. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అంటే కంచంలో కొండలా కనిపించే అన్నం నుంచి వచ్చేది రెండు మిల్లీగ్రాముల లోపు. కాల్షియం రెండు కప్పుల పెరుగులో రెండొందల యాభై దాకా, మిగతావన్నీ కలిపినా సగానికి చేరదు. మీ ఇంట్లో మీరిద్దరూ ప్రోటీన్ మీద కొట్టుకుంటున్నారు, లోటు ఇంకోచోట ఉంది.

మాస్టారికి: పునుగులు నాకూ ఇష్టం లేదు. కానీ రేపటి నుంచి అవి మాన్పించినా ఆ ఐరన్ లెక్క మారదండి. ఇంట్లో వండిందైనంత మాత్రాన అన్నీ సరిపోయినట్టు కాదు.

సింగ్‌నగర్ కుర్రోడు
టీచర్ గారూ, అబ్బాయిల లెక్క కూడా చెప్పండి. నేను ఇంటర్ రెండో సంవత్సరం, ఎంత తిన్నా గంటకే ఆకలి.

హోంసైన్సు టీచర్
నీ వయసు అబ్బాయికి 3320 కిలో క్యాలరీలు, అమ్మాయికి 2500. నువ్వు తిండిపోతువి కాదు నాన్నా, ఎదుగుతున్నావంతే. ఆకలేసినప్పుడు చిప్స్ కాకుండా గుప్పెడు వేరుశనగ గుళ్ళు, బెల్లం ముక్క దగ్గర పెట్టుకో.

మెస్సు బాబాయి
నేను పదేళ్ళు ఒక హాస్టలు మెస్సులో వంటమాస్టారుగా చేశాను. ఎక్కడని అడక్కండి. ఇంటి తిండి గురించి టీచరమ్మ చెప్పింది విన్నాక నాకూ ఒకటి చెప్పాలనిపించింది. రెండొందల మందికి మనిషికి 30 గ్రాముల చొప్పున వేసినా ఆరు కిలోల కందిపప్పు పడాలి. మాకు ఇచ్చేది నాలుగు. రేటు పెరిగిన నెల మూడున్నర. సొరకాయ, టమాటా, నీళ్ళు వేసి గిన్నె నింపేవాళ్ళం. రుచి కోసం తాలింపులో వెల్లుల్లి, ఎండుమిర్చి దంచి కొట్టేవాళ్ళం. తనిఖీకి వచ్చినవాళ్ళకి గిన్నె నిండా పచ్చగా పప్పే కనిపించేది. పిల్లలు "పప్పు బాగుంది బాబాయ్" అనేవాళ్ళు. గరిటెతో తీస్తే అడుగున ఎంతుందో నాకొక్కడికే తెలుసు.

అందుకని, తల్లీ, రెండు గరిటెల పప్పు అన్నావు చూడు, ఆ పప్పు ఎంత చిక్కనో అది కూడా చూసుకో.

మనూళ్ళో ఉలవచారు సంగతి చూడండి. ఉడికిన కట్టు మనం తాగి, ఉలవలు ఎద్దులకి పెట్టేవాళ్ళం. ఎవరు తెలివైనవాళ్ళంటారు?

జిమ్ము రాజా
ఎద్దులే బాబాయ్. ఒప్పుకున్నా, డబ్బా మాట వెనక్కి తీసుకుంటున్నా. నాకు మాత్రం ఉండనివ్వండి.

కొరిటెపాడు కోడలు
పటమట అక్కా, ఒకటి అడుగుతా, ఏమనుకోకు. మీ ఇంట్లో ఇంకెవరు పిల్లలు? గుడ్డు వారానికి రెండుసార్లంటే ఇంట్లో అందరికీ అంతేనా, పాపకి మాత్రమేనా?

పటమట అమ్మ
బాబు ఉన్నాడమ్మా, తొమ్మిదో తరగతి. వాడు రోజూ ఆమ్లెట్ అడుగుతాడు, వేసిస్తాను. పాప అడగదు. అడగదు కాబట్టి వెయ్యట్లేదు. రాస్తుంటే నాకే ఎలాగో ఉంది.

బ్రాడీపేట మాస్టారు
అడిగినవాడికి పెట్టడం తల్లి తప్పు కాదు. అనవసరంగా ఆ అమ్మాయిని దోషిని చెయ్యకండి. అయినా మా రోజుల్లో ఇంటికి గుడ్డే వచ్చేది కాదు, అందరం బానే ఉన్నాం.

కొరిటెపాడు కోడలు
మీరు బానే ఉన్నారు మాస్టారూ. ఆ చద్దన్నంలో గడ్డ పెరుగు మీకు పడింది కాబట్టి. మీ అక్కచెల్లెళ్ళు ఏం తిని ఉన్నారో గుర్తుందా?

ల్యాబ్ సోదరి, గుంటూరు
గొడవ తర్వాత పడండి. నేను రక్త పరీక్షల ల్యాబులో పని చేస్తాను. పరీక్షల సీజన్లో మా దగ్గరికి వచ్చే ఇంటర్ ఆడపిల్లల రిపోర్టుల్లో హిమోగ్లోబిన్ పది, పదిన్నర చూడటం నాకు మామూలైపోయింది. పదిహేనేళ్ళు దాటిన ఆడపిల్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 12. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో దేశం మొత్తం మీద 59 శాతం మందికి రక్తహీనత అని తేలింది. వాళ్ళంతా పునుగులు తినేవాళ్ళు కాదు కదా మాస్టారూ! నిద్ర, నీరసం, మెట్లెక్కితే ఆయాసం అంటే ముందు పరీక్ష చేయించండి. నిద్ర చాలకపోయినా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాగే ఉంటుంది, కాబట్టి ఊహించి మందులు మింగించొద్దు.

ఇంకోటి, టీ. టిఫినుకి ముందూ వెనకా టీ తాగితే అందులోని టానిన్లు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. టీకీ తిండికీ మధ్య గంటైనా ఉండాలి. నిమ్మరసం, జామకాయ, ఉసిరి దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తాయి, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఐరన్‌ని లోపలికి లాగుతాయి. పప్పులో చివర నిమ్మకాయ పిండటం రుచికే అనుకుంటాం గానీ దాని పని అదీను.

ప్రభుత్వ బడుల్లో వారానికో నీలం మాత్ర ఇస్తారు, 60 మిల్లీగ్రాముల ఐరన్, దాంతో ఫోలిక్ యాసిడ్. ప్రైవేటు కాలేజీలో చదివే మా అమ్మాయి ఆ మాత్ర ముఖం చూడలేదు.

సింగ్‌నగర్ కుర్రోడు
మా చెల్లి చదివేది ప్రభుత్వ జూనియర్ కాలేజీ. అక్కడ మధ్యాహ్నం వేడన్నం పెడతారు, డొక్కా సీతమ్మ గారి పేరు మీద. 2025 జనవరిలో మా పక్కనే పాయకాపురం కాలేజీలోనే మొదలుపెట్టారు. నేను చదివే ప్రైవేటు కాలేజీలో పొద్దున ఆరున్నరకి కట్టిన క్యారేజీ ఒంటిగంటకి తెరుస్తాను. ఫీజు ఎవరికి ఎక్కువో మీకు తెలుసు.

పటమట అమ్మ
ఇవన్నీ చదివి మా అత్తగారికి వినిపించాను. "సరేలే, పప్పు కారుతుందని మానేస్తావా? కందిపొడి చెయ్యి" అన్నారు. నిజంగా నాకు తట్టలేదు! కందిపప్పు, కొంచెం పెసరపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి వేయించి కొట్టాం. వేడన్నంలో నెయ్యి వేసి రెండు చెంచాల పొడి కలిపి పెడితే క్యారేజీలో చుక్క కారదు. అందులో నువ్వులు కూడా కలపనా టీచర్ గారూ?

హోంసైన్సు టీచర్
కలపండి, పొట్టుతో ఉన్న నువ్వులు. కాల్షియం దండిగా ఉంటుంది. మీ అత్తగారికి నా నమస్కారం. రెండు చెంచాలు కాదు, నాలుగు వెయ్యండి. పాలు ఇష్టం లేకపోతే రాగి జావ మజ్జిగలో కలిపివ్వండి, 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం. పాలకూర మీద మాత్రం కాల్షియం కోసం ఆశ పెట్టుకోకండి, అందులో ఆక్సలేట్లు దాన్ని పట్టేసుకుంటాయి.

కూరల సంగతి మాత్రం వదిలిపెట్టను. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన నమూనా కంచంలో, రెండు వేల కిలో క్యాలరీలకి, ధాన్యం 250 గ్రాములైతే కూరలూ పండ్లూ కలిపి 500. మనింట్లో దొండకాయ వేపుడు నలుగురికీ కలిపి పావుకిలో. అదీ నూనెలో ముడుచుకుపోయి అన్నంలో నంజుడుకి. కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్నా అంతే, నూట యాభై గ్రాముల ప్యాకెట్ ఇద్దరికి సరిపెడతాం. అన్నం ముందు, కూర దానికి తోడు. ఈ వరస మారనంతకాలం నేనెన్ని లెక్కలు చెప్పినా ఒకటే.

బ్రాడీపేట మాస్టారు
కోడలమ్మ ప్రశ్నకి జవాబివ్వకుండా తప్పించుకున్నానని మా ఆవిడ పట్టుకుంది. చెబుతాను. మా పెద్దక్క అందరికీ వడ్డించాక తినేది. అప్పటికి పప్పు గిన్నెలో అంటుకున్నది మిగిలేది, అందులోనే అన్నం వేసి కలుపుకునేది. అది చూసి "అక్కకి గిన్నె అన్నమంటే ఇష్టం" అనుకునేవాళ్ళం. కళ్ళు తిరిగి రెండుసార్లు పడిపోయింది కూడా. మాకెవరికీ తిండి గుర్తు రాలేదు, దిష్టే తీశారు.

పునుగుల మీద నా మాట మాత్రం మారదు.

మెస్సు బాబాయి
మారకపోతేనే మంచిది మాస్టారూ. ఆ నూనె నేనూ చూశాను.

పటమట అమ్మ
నిన్న పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 11.1. మా అత్తగారు "చూశారా, పదకొండు దాటింది" అంటున్నారు, మా వారు "చూశారా, పన్నెండు కంటే తక్కువే ఉంది" అంటున్నారు. డాక్టరు గారు మూడు నెలలకి మాత్రలు రాశారు, టీ టైము మార్చమన్నారు. మాత్రలతో పాటు నిమ్మరసం ఇమ్మన్నారు. పదకొండున్నరకి కాకుండా పదింటికి పడుకోబెట్టమన్నారు, ఇది కాలేజీ వాళ్ళకి ఎవరు చెబుతారో నాకు తెలియట్లేదు.

ఇప్పుడు రోజూ ఇద్దరు పిల్లలకీ చెరో గుడ్డు. మంగళ, శనివారాలు ఎలాగా అని ఆలోచిస్తుంటే అత్తగారే "ఆ రోజుల్లో సెనగలు ఉడకబెట్టు" అన్నారు. పునుగులు వారానికి ఒక్కరోజుకి ఒప్పుకుంది, శుక్రవారం. కందిపొడి క్యారేజీలో వాళ్ళ స్నేహితురాళ్ళే సగం తినేస్తున్నారట.

అన్నీ కుదిరాయి గానీ ఒక్కటి కుదర్లేదు. ఉడికించిన గుడ్డులో తెల్లది తిని, పచ్చసొన తీసి తమ్ముడి కంచంలో వేస్తోంది. లావైపోతానట. ఇన్‌స్టాలో ఎవరో చెప్పారట. ఇది దాని బుర్రలోంచి ఎలా తియ్యాలి?

ల్యాబ్ సోదరి, గుంటూరు
గుడ్డులో ఉన్న ఐరన్ దాదాపు అంతా ఆ పచ్చసొనలోనే ఉందని చెప్పండి. వినకపోతే ఆమ్లెట్ వేసెయ్యండి, తీసి పక్కన పెట్టడానికి ఏం ఉండదు.

పటమట అమ్మ
రేపు వేసి చూస్తా.