చలికి హీట్ పంపు మొరాయిస్తోంది: బాగు చేయించాలా, తీసేయాలా?

నిజాంపేట_ఐదో_అంతస్తు: మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద వేడినీళ్ల హీట్ పంపు ఉంది, అదే, బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే మెషీన్. చలి మొదలయ్యాక పొద్దున గోరువెచ్చటి నీళ్లే వస్తున్నాయి. కాయిల్ మీద ఐస్ గడ్డకట్టింది. చలికాలానికి పనికిరాని మెషీన్ ఇది, తీసేసి ఎవరి గీజర్ వాళ్లు పెట్టుకుంటే పోదా?

కూకట్‌పల్లి_వాసి: తీసేయండి. చల్లగాలిలో వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఏసీ_మెకానిక్: వస్తుందండీ. మంచు కురిసే నార్వేలోనే ఇళ్లకు వీటిని వాడుతున్నారు. గాలి 5 డిగ్రీల దగ్గరికి దిగితే కాయిల్‌కి మంచు పట్టడం మామూలే, మెషీనే కాసేపు ఉల్టా నడిచి కరిగించుకుంటుంది. అప్పుడు లేచేది ఆవిరి, పొగ కాదు. కానీ నిజాంపేటలో 12, 13 డిగ్రీలకే గడ్డకట్టి కరగలేదంటే గ్యాస్ తగ్గి ఉండాలి, లేదా ఫ్యాన్, సెన్సర్ చూడాలి. ఐస్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, కాయిల్ చిల్లు పడుతుంది. చుట్టూ రేకులేమైనా కట్టారా?

నిజాంపేట_ఐదో_అంతస్తు: వాన పడకుండా మూడు వైపులా కట్టారు.

ఏసీ_మెకానిక్: అయితే వదిలిన చల్లగాలినే మళ్లీ పీలుస్తోంది. ముందు అవి విప్పించండి.

పటాన్‌చెరు_శ్రీను: ఇక్కడ ఇంకా చలి. మాది బాగానే నడుస్తోంది.

కూకట్‌పల్లి_వాసి: నార్వే సంగతి నాకెందుకు? మా పంపు పాడైతే పోయిన చలికాలమంతా మా అత్తగారికి స్టవ్ మీద నీళ్లు కాచి బకెట్లు మోశాను. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ గ్యాస్ నింపి డబ్బులు తీసుకున్నాడు.

ఏసీ_మెకానిక్: లీక్ పట్టుకోకుండా గ్యాస్ నింపడం తప్పే. అది మెషీన్ తప్పు కాదు కదా. గీజర్ 1 యూనిట్ కరెంటుకు 1 యూనిట్ వేడి కూడా పూర్తిగా ఇవ్వదు. బాగున్న హీట్ పంపు చలిలోనూ దాదాపు 3 ఇస్తుంది.

కూకట్‌పల్లి_వాసి: మీ వ్యాపారం కోసం మాట్లాడుతున్నారు!

అద్దె_ఫ్లాట్: నేనూ నిజాంపేట అపార్ట్‌మెంట్‌లోనే ఉంటాను. ఐదో అంతస్తు సార్, మీ ఇంట్లో ఎప్పుడో గీజర్ పెట్టించారు కదా? సర్వీస్ కాంట్రాక్టు రెన్యూ చేయొద్దని మీటింగ్‌లో పట్టుబట్టింది మీరే. అందుకే ఇవాళ ఈ గతి.

నిజాంపేట_ఐదో_అంతస్తు: అవును, అన్నాను. వాడని దానికి నెలనెలా ఎందుకు కట్టాలి?

అద్దె_ఫ్లాట్: గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు లిఫ్ట్‌కి కట్టడం లేదా? మెయింటెనెన్స్ కట్టేది మేము, ఓటు మాత్రం ఓనర్లకే. పంపు తీసేస్తే చంటిపిల్లతో మేమేం చేయాలి? మా ఓనర్ గీజర్ పెట్టించనన్నారు.

నిజాంపేట_ఐదో_అంతస్తు: అది మీరూ మీ ఓనరూ తేల్చుకోవాలమ్మా.

అద్దె_ఫ్లాట్: అలాగైతే ఆదివారం మీటింగ్‌కి నేనూ వస్తాను. ఓటు ఇవ్వకపోయినా సరే, మాట్లాడే వెళ్తాను.

ఏసీ_మెకానిక్: ఓటింగ్‌కి ముందే లీక్ టెస్ట్ చేయించండి. మీ బోరు నీళ్లు ఉప్పువైతే లోపల తెల్లగా పేరుకుని ఉంటుంది, అదీ కడిగించండి.