అప్‌డేట్: టైమింగ్ చైన్ మార్చాక స్టార్ట్ కాని ఇంజిన్, కారణం దొరికింది

టైమింగ్ చైన్ (పిస్టన్లకు కలిసిన క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌లనూ కలిపేది), గైడ్లు, చైన్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్ కొత్తవి వేశాక స్టార్టర్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోవడం లేదని, పీ0016 కోడ్ (క్రాంక్, క్యామ్‌ల అమరిక కలవడం లేదని చెప్పేది) వస్తోందని అడిగాను. ఇప్పుడు బండి నడుస్తోంది. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చిన సలహా కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తోందో కొలవడం. నాలుగు సిలిండర్లలోనూ 90 పీఎస్ఐ అటూ ఇటూ. ఒక్కదాంట్లో పడిపోతే వాల్వో రింగులో అనుకోవచ్చు. అన్నీ సమానంగా తగ్గాయంటే ముందు టైమింగే చూడాలి. స్టార్టర్ మామూలుకన్నా తేలిగ్గా, వేగంగా తిరగడం కూడా కంప్రెషన్ తగ్గడం వల్లే.

కవర్ విప్పితే రెండు క్యామ్‌లూ క్రాంక్‌కి రెండు పళ్లు వెనకబడి ఉన్నాయి. కొత్త టెన్షనర్ లాక్ పిన్ లాగినా ప్లంజర్ (చైన్ బిగిసేలా నెట్టే కడ్డీ) సగంలోనే బిగుసుకుపోయింది. చైన్ వదులై, సెల్ఫ్ కొట్టగానే పళ్లు దాటేసింది. టెన్షనర్ మార్చి, బిగించే ముందు ప్లంజర్‌ని చేత్తో నొక్కి వదిలి చూశాను. తర్వాత పానాతో క్రాంక్‌ని రెండు చుట్లు తిప్పితే స్ప్రాకెట్ గుర్తులు కలిశాయి. చైన్‌లోని రంగు లింకులు మాత్రం కలవవు, కంగారొద్దు, అవి మొదటి అమరికకే. ఇప్పుడు కంప్రెషన్ 170 పైనే, అంటే వాల్వులు వంగలేదు.

ఫ్యూయల్ పంపు, క్రాంక్ సెన్సర్‌లను అనుమానించొచ్చు కానీ, వాటికి దీంతో సంబంధమే లేదు. స్పార్క్ ప్లగ్గులు పెట్రోల్‌తో తడిసింది స్టార్ట్ కాకపోవడం వల్లే. వాటిని ఆరబెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే అందుకుంది. ఆయిల్‌లో పెట్రోల్ వాసన వచ్చింది కాబట్టి అదీ మార్చేశాను.