పెద్ద వయసులో క్యాన్సర్ మరణాలు: పల్లెల్లో నిజంగానే తక్కువా, లెక్కలోకి రావడం లేదా?

గోదారి శీను:
మా ఫ్యామిలీ గ్రూపులో ఒక టేబుల్ తిరుగుతోంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో విడుదల చేసిన క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే ఒక్కో ప్రాంతంలో బయటపడిన కేసుల నమోదు, రిపోర్టులోది. మిజోరంలోని ఐజ్వాల్‌లో ఏటా లక్ష మంది మగవాళ్ళలో 269 కొత్త కేసులు. మహారాష్ట్రలో ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో 40 కూడా లేవు. రొమ్ము క్యాన్సర్‌లో మన హైదరాబాద్ అందరికంటే పైన ఉంది, లక్ష మంది ఆడవాళ్ళలో 48. ఇది చూపించి మా బాబాయి "పట్నం తిండే మనుషుల్ని చంపుతోంది, పల్లెలో ముసలివాళ్ళు క్యాన్సర్‌తో పోవడం ఎక్కడన్నా చూశావురా?" అంటున్నారు. డెబ్భై దాటిన మా నాన్నమ్మకు నోట్లో పుండు మానడం లేదు, పరీక్ష చేయిద్దామంటే ఈ మాటే అడ్డొస్తోంది. ప్రాంతాల మధ్య ఇంత తేడా నిజమేనా?

లెక్కల రావు:
శీను గారూ, మీ టేబుల్ చెప్పేది ఎంతమందికి జబ్బు బయటపడిందన్నది. ఎంతమంది పోయారన్నది కాదు. జబ్బు బయటపడాలంటే ఎవరో ఒకరు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ముక్క తీసి బయాప్సీకి పంపాలి, ఆ రిపోర్టు రిజిస్ట్రీకి చేరాలి.

మరణాల సంగతి కావాలంటే 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. దేశంలో ఎవరు ఏ కారణంతో చనిపోతున్నారో తేల్చే మిలియన్ డెత్ స్టడీ అనే పెద్ద సర్వేలో భాగం అది. ఇంటింటికీ వెళ్ళి, చనిపోయినవాళ్ళకు చివరి రోజుల్లో ఏమేం బాధలున్నాయో ఇంట్లోవాళ్ళను అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలు చదివి డాక్టర్లు కారణం తేల్చారు. అంటే ఆస్పత్రి గడప తొక్కనివాళ్ళు కూడా లెక్కలోకి వచ్చారు. దాని ప్రకారం 30–69 ఏళ్ళ మగవాళ్ళలో క్యాన్సర్ మరణాలు పల్లెల్లో లక్షకు 95.6, పట్నాల్లో 102.4. ఆడవాళ్ళలో పల్లెల్లోనే కాస్త ఎక్కువ, 96.6. పట్నాల్లో 91.2.

కేసులు అంత తక్కువగా కనపడే పల్లెల్లో చావులు మాత్రం పట్నాలకు దాదాపు సమానం ఎలా అయ్యాయి? కొందరికి జబ్బు ఉన్నట్టే ఎవరికీ తెలియలేదు. తెలిసినవాళ్ళలో ఎక్కువమందికి ముదిరాక తెలిసింది. నాకు కనిపించే సమాధానం ఇదే. అదే అధ్యయనంలో చదువు లేనివాళ్ళలో మరణాల రేటు బాగా చదువుకున్నవాళ్ళ కంటే రెట్టింపుకు పైగా ఉంది. ఊరు కంటే ఇదే పెద్ద గీత అని నా అభిప్రాయం.

మెట్ట రైతు:
రావు గారూ, పల్లెలో తక్కువ కనిపిస్తే చాలు, లెక్క తప్పనేస్తారు. షోలాపూర్ వైపు బార్శీలో 1987 నుంచి గ్రామీణ రిజిస్ట్రీ నడుస్తోంది. సిబ్బంది ఊరూరూ తిరిగి, జనంతో మాట్లాడి, అనుమానం ఉన్నవాళ్ళను ఆస్పత్రికి పంపి మరీ కేసులు పట్టుకుంటారు. అంత వెతికినా ముంబై కంటే తక్కువే వచ్చాయి. రొమ్ము క్యాన్సర్ పల్లెలో తక్కువ ఉండడానికి కారణాలూ తెలిసినవే: చిన్న వయసులో కాన్పులు, ఎక్కువ మంది పిల్లలు, ఏళ్ళ తరబడి పాలివ్వడం. ఇవన్నీ నిజమైన తేడాలు కావా?

లెక్కల రావు:
నిజమైనవే, కాదనను. బార్శీ వాళ్ళ పని అంటే నాకు చాలా గౌరవం. కానీ ఆ తేడాలో పెద్ద వాటా రొమ్ము క్యాన్సర్ లాంటివాటిది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి పల్లె ఆడవాళ్ళు ముందుంటారు. లాన్సెట్ లెక్కలో 30–69 ఏళ్ళ ఆడవాళ్ళను ఎక్కువగా బలి తీసుకున్నది అదే.

ఐజ్వాల్ తేడా కూడా నిజమే. అక్కడ పొగాకు పొగను నీళ్ళలోకి పట్టి, ఆ నీళ్ళు పుక్కిలించే అలవాటుంది, తుయిబుర్ అంటారు. పొగబెట్టిన మాంసం, పులియబెట్టిన పంది కొవ్వు తింటారు. కడుపు క్యాన్సర్ అక్కడ అంత ఎక్కువగా ఉండడానికి పరిశోధకులు వీటినే చూపిస్తున్నారు.

పత్తి చేను:
పంజాబ్ సంగతి ఎవరూ ఎత్తరేం? బఠిండా నుంచి బికనీర్ ఆస్పత్రికి పేషెంట్లు వెళ్ళే రైలుకు క్యాన్సర్ ట్రైన్ అనే పేరు పడిపోయింది. అదంతా పురుగుమందుల పుణ్యమే. మా పత్తి ఊళ్ళలో కొట్టే మందులు చూస్తే నాకు భయమేస్తుంది.

లెక్కల రావు:
మీ భయం న్యాయమైనదే. మాస్కు, గ్లవ్స్ లేకుండా మందు కొట్టించడం ఆగాల్సిందే. కానీ పంజాబ్‌లో రిజిస్ట్రీలు పెట్టి చూస్తే మాన్సా, సంగ్రూర్ జిల్లాల కంటే చండీగఢ్ నగరంలోనే రేట్లు ఎక్కువ వచ్చాయి. మందులు మంచివని దీనర్థం కాదు. ఆ రైలు నిండడానికి అప్పట్లో దగ్గర్లో అందుబాటు ధరలో ఆస్పత్రి లేకపోవడం పెద్ద కారణం.

సిక్కోలు సిస్టర్:
నేను శ్రీకాకుళం తీరంలో ఏఎన్ఎంగా చేస్తున్నాను. మీరంతా రాష్ట్రాల గురించి మాట్లాడుతున్నారు, ఒక్క జిల్లాలోనే తేడా ఎలా ఉంటుందో చెప్తాను.

మా దగ్గర పెద్దవయసు ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. చుట్ట ముట్టించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. చేతులకు పని ఉన్నా చుట్ట నోట్లోనే ఉంటుంది, గాలికి ఆరిపోదు. బూడిద అప్పుడప్పుడూ ఉమ్మేస్తారు. నోరు తెరిపించి టార్చి వేస్తే అంగిలి తెల్లగా, మందంగా, మధ్యలో ఎర్రటి చుక్కలతో కనిపిస్తుంది. వేరేచోట చుట్ట తాగేవాళ్ళకు క్యాన్సర్ అంగిలి మీద రావడం అరుదు, ఇక్కడ అక్కడే వస్తుంది. ఇది కొత్త సంగతేం కాదు, 10,169 మంది పల్లెవాసులను చూసి రాసిన పరిశోధన 1971లోనే అచ్చయింది.

చాలామంది అవ్వలు మింగలేని స్థితికి వచ్చాకే చెప్తారు. "ఈ వయసులో నాకెందుకమ్మా" అంటారు. ఇంట్లోనే పోతారు. చనిపోయాక కారణం అడిగితే కొడుకులు "పెద్దవయసు" అని చెప్తారు, కాగితం మీద అదే పడుతుంది. మరి మా మండలంలో క్యాన్సర్ మరణాలు తక్కువే కదా!

శీను బాబూ, నోట్లో పుండు రెండు మూడు వారాలు దాటినా మానకపోతే ఏ ప్రాంతమైనా చూపించాల్సిందే. ఈ చర్చ తేలేదాకా ఆగొద్దు, ఈ వారమే నాన్నమ్మను తీసుకెళ్ళు.

కొట్టాయం కోడలు:
నేను తెలుగమ్మాయిని, మావారిది కేరళ. కేరళలో క్యాన్సర్ ఎక్కువ అని అందరూ అంటుంటారు. 2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్ళు ఇక్కడ 12.6 శాతం, దేశం మొత్తంలో 8.6. ముసలివాళ్ళు ఎక్కువున్న చోట కేసులు ఎక్కువే ఉంటాయి కదా?

లెక్కల రావు:
అవునండీ. అందుకే ముసలివాళ్ళు ఎక్కువా తక్కువా అన్న తేడా ప్రభావం తీసేసి లెక్కగట్టిన రేటునే, అంటే వయసును సవరించిన రేటునే పోల్చాలి. శీను గారి టేబుల్‌లో ఆ సవరణ ఉంది. కానీ ఆ సవరణకు కూడా లొంగని చిక్కు ఒకటుంది. లాన్సెట్ అధ్యయనం ప్రధానంగా 69 ఏళ్ళ దగ్గరే గీత గీసుకుంది, ఆ పైన ఇంట్లోవాళ్ళు చెప్పే లక్షణాలతో కారణం తేల్చడం కష్టం కాబట్టి. ఇక డాక్టరు ధ్రువీకరణ చూద్దామంటే, 2020లో దేశంలో నమోదైన మరణాల్లో కారణాన్ని వైద్యులు ధ్రువీకరించినవి 22.5 శాతం. అంటే ఏ వయసువాళ్ళ గురించి మనం వాదించుకుంటున్నామో, ఆ డెబ్భై దాటినవాళ్ళ దగ్గరే మన లెక్క అన్నిటికంటే బలహీనంగా ఉంది. సిస్టర్ గారు చెప్పిన అవ్వ ఏ పట్టికలోనూ లేదు. తక్కువ అంకె చూపించి "మన పల్లెలో లేదు" అనేవాళ్ళ మీద నాకు కోపం వచ్చేది అందుకే.

లూయీవిల్ నుంచి:
అమెరికాలో లెక్క బలంగా ఉన్నా తేడాలు ఉన్నాయండీ. నేనుండే కెంటకీ రాష్ట్రంలో క్యాన్సర్ మరణాల రేటు దేశంలో బాగా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి, యూటాలో తక్కువ. ప్రధాన కారణం పొగాకు. ఇప్పుడు ఇక్కడ ఊపిరితిత్తుల స్క్రీనింగ్ గట్టిగా చేస్తున్నారు. ఎక్కడ ఎక్కువో స్పష్టంగా తెలిసింది కాబట్టే అక్కడ ఖర్చు పెట్టగలిగారు.

మెట్ట రైతు:
సరే, లెక్క బాగుపడాలి, ఒప్పుకుంటాను. కానీ డెబ్భై అయిదేళ్ళ మనిషికి క్యాన్సర్ అని తేల్చి ఏం చేస్తారు? ఆరోగ్యశ్రీ ఉన్నా రానుపోను ఖర్చులు, తోడు ఉండేవాళ్ళ కూలి పోవడం, పైగా కీమో బాధ. ఇంట్లోనే ఉంటానని పెద్దావిడ అంటే అది నిర్లక్ష్యం కాదు. మా అమ్మ అదే అంది, మేము ఆమె మాట విన్నాం. దాన్ని వెనకబాటుతనం అంటే నేను ఒప్పుకోను.

సిక్కోలు సిస్టర్:
అన్నా, మీ అమ్మగారి నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. కీమో వద్దనుకోవచ్చు. కానీ జబ్బు పేరు తెలియకపోతే నొప్పికి సరైన మందు కూడా అందదు. మా అవ్వలు రాత్రంతా మూలుగుతూ పారాసెటమాల్ మింగుతుంటారు, వాళ్ళకు కావాల్సింది తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్‌కు, అంటే ముదిరిన జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే సేవకు, విధానం తెచ్చుకుంది, అక్కడ నర్సులు ఇంటికే వస్తారు. తెలంగాణలో కొన్ని జిల్లాల్లో ఈ కేంద్రాలు ఉన్నాయి. మాకు అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆస్పత్రి ఉంది, కానీ ఇచ్ఛాపురం నుంచి ఒక ముసలావిడ అక్కడికి వెళ్ళి రావాలంటే రోజు సరిపోదు.

ఆంధ్రాలో మండల స్థాయిలో మార్ఫిన్ దొరికే పీహెచ్‌సీ ఎక్కడైనా ఉంటే, ఎవరికి తెలిసినా ఇక్కడ రాయండి. వాళ్ళు అనుమతులు ఎలా తెచ్చుకున్నారో తెలుసుకుని మా మెడికల్ ఆఫీసర్ గారికి చెప్తాను.