పాత ఔట్‌బోర్డ్ మోటారు రేజు పెంచగానే ఆగిపోతోంది: లోపం కార్బ్యురేటర్‌దేనా?

గౌతమి_లంక (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది గోదావరి గౌతమి పాయలోని ఒక లంక గ్రామం. కొబ్బరికాయలు, పశుగ్రాసం అవతలి ఒడ్డుకు చేర్చడానికి మాకు 18 అడుగుల ఫైబర్ పడవ ఉంది. దాని వెనుక 15 హార్స్‌పవర్ల, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు బిగించి ఉంది. మా నాన్నగారు 2004లో కొన్న ఆ మోటారు ఇన్నేళ్లలో మమ్మల్ని ఇబ్బంది పెట్టిన సందర్భాలు చాలా తక్కువ.

వర్షాకాలంలో నాలుగు నెలలు పడవను ఒడ్డుకెక్కించి ఉంచాము. ట్యాంకులో సగం పెట్రోలు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు రెండో లాగుకే ఇంజను అందుకుంటోంది, ఐడిలింగ్‌లో శాంతంగా నడుస్తోంది, కానీ సగానికి మించి రేజు చేస్తే అయిదు నిమిషాలలో ఊపిరి అందనట్టు కుంగి ఆగిపోతోంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ మామూలే. మొన్న పోటు తీసే పాటు నీటిలో నది నడుమ ఇలాగే ఆగిపోయి, పడవ సముద్రం వైపు కొట్టుకుపోతుంటే లంగరు వేసి, వేరొక పడవ వచ్చేదాకా నిలబెట్టుకోవలసి వచ్చింది. అప్పుడు పడవలో మా అమ్మగారు కూడా ఉన్నారు.

మెకానిక్ కార్బ్యురేటర్‌ను (పెట్రోలును గాలితో కలిపే భాగాన్ని) రెండుసార్లు విప్పి శుభ్రం చేశారు, ప్లగ్గులు కొత్తవి వేశారు. అయినా మార్పు లేదు. కార్బ్యురేటర్ కొత్తది కొనాలంటున్నారు. అంత ఖర్చు పెట్టే ముందు నేను ఏమేమి పరీక్షించాలో దయచేసి చెప్పండి.

రేవు_మెకానిక్:
కొత్త కార్బ్యురేటర్ ఇప్పుడే కొనకండి. రెండుసార్లు శుభ్రం చేసినా లక్షణం అణువంత కూడా మారలేదంటే, లోపం దానికి ముందున్న దారిలో ఉండే అవకాశమే ఎక్కువ.

పడవను రేవులో గుంజకు గట్టిగా కట్టి, మోటారు నీటిలో ఉండగానే గేరు వేసి రేజు పెంచండి. ఇంజను కుంగడం మొదలైన క్షణంలో, ట్యాంకు నుంచి వచ్చే పైపు మధ్యనున్న రబ్బరు బల్బును మరొకరి చేత వరుసగా నొక్కించండి. ఇంజను వెంటనే కోలుకుంటే కార్బ్యురేటర్‌కు పెట్రోలు అందడం లేదని అర్థం. అప్పుడు పైపును, ఫ్యూయల్ పంపును చూడాలి. బల్బు నొక్కినా లాభం లేక, చోక్ (గాలిని తగ్గించే మీట) కొద్దిగా లాగితే కోలుకుంటే, కార్బ్యురేటర్ లోపల మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) ఇంకా మూసుకునే ఉందని అర్థం. బల్బు దానంతటదే చప్పిడిగా అణిగిపోతే మాత్రం ట్యాంకు మూతపై ఉన్న గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో ముందు చూడండి. ఆ ఒక్క స్క్రూ మరిచిపోయి ఇంజను మొత్తం విప్పించుకున్నవారిని నేను చూశాను.

ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి ఆగినా చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. అయితే కాయిల్ లోపమైతే స్విచ్ తీసినట్టు ఒక్కసారిగా ఆగుతుంది; పెట్రోలు అందకపోతే మీరు చెప్పినట్టు కుంగుతూ ఆగుతుంది.

ఉప్పు_గాలి:
పై మాటతో ఏకీభవిస్తూనే పెట్రోలు గురించి ఒక ముఖ్య విషయం చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు మోతాదు మించగానే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. పైపు పెట్రోలు లాగేది ఆ అడుగు నుంచే. పాతకాలపు రబ్బరును కూడా ఇథనాల్ మెత్తబరుస్తుంది. ట్యాంకు అడుగు పెట్రోలును ఒక గాజు సీసాలోకి తీసి, గంటసేపు కదపకుండా ఉంచి చూడండి.

లోపం తేలేవరకు ఫుల్ రేజు మీద నడపవద్దని వేడుకుంటున్నాను. టూ స్ట్రోక్ ఇంజనులో నూనె పెట్రోలుతోపాటే లోపలికి వెళుతుంది గనుక, పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. జెట్ రంధ్రాలను ఇనుప తీగతో పొడవకండి. ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు.

గౌతమి_లంక:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే గుంజకు కట్టి చూశాము. ఇంజను కుంగగానే మా అన్నయ్య కొడుకు బల్బు నొక్కాడు, వెంటనే కోలుకుంది. వాడు నొక్కినంతసేపూ నడిచింది, ఆపితే కుంగింది. చోక్ లాగితే క్షణకాలం తప్ప ఫలితం లేదు.

పైపును నిలువునా కోసి చూస్తే లోపలి పొర నేరేడు పండు తొక్కలా ఊడి, ఒక చోట మడత పడి దారికి అడ్డంగా ఉంది. ఫ్యూయల్ పంపులోని డయాఫ్రం (పెట్రోలును తోసే పలచని పొర) ఎండిన అరిటాకులా బిరుసెక్కి, అంచున వెంట్రుక వాసి చీలిక కనిపించింది. సీసాలో అడుగున వేలెడంత మబ్బు పొర తేరింది. పైపు, బల్బు, డయాఫ్రం కొత్తవి వేసి, ట్యాంకు కడిగి, లీటరుకు 20 మిల్లీలీటర్ల నూనెతో తాజా పెట్రోలు పోశాము. నిన్న గుంజకు కట్టే 25 నిమిషాలు ముప్పావు రేజు మీద నడిపితే ఎక్కడా ఆగలేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఆపి ప్లగ్గులు తీసి చూస్తే కింది సిలిండర్‌ది ఇటుక రంగులో ఉంది, పైదానిది మాత్రం తెల్లగా ఉంది.

రేవు_మెకానిక్:
మంచి పని చేశారు. రెండు సిలిండర్లకూ ఒకే కార్బ్యురేటర్ ఉన్నప్పుడు ఒక ప్లగ్గు మాత్రమే తెల్లబడిందంటే, ఆ సిలిండర్‌లోకి ఎక్కడి నుంచో అదనపు గాలి చొరబడుతోందేమో చూడాలి. ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) కొలిపించండి; రెండింటి మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. అది బాగుంటే, ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా ఇన్‌టేక్ గ్యాస్కెట్ (గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే చోట అతుకును మూసే పొర) అంచు వెంట కుంచెతో టూ స్ట్రోక్ నూనె పూయండి. నడక మారితే గ్యాస్కెట్ పోయినట్టే. మారకపోతే అనుమానించవలసింది ఇంజను పైనుండే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ కింద, క్రాంక్ ఇరుసు చుట్టూ గాలి చొరకుండా ఆపే పై సీలును. ఫ్లైవీల్‌ను పుల్లర్ అనే లాగే పనిముట్టుతోనే తీయించండి, సుత్తితో కొట్టనివ్వకండి. పై సిలిండర్ హెడ్ గ్యాస్కెట్ నుంచి నీరు కారినా ప్లగ్గు కడిగినట్టు తెల్లగానే కనిపిస్తుంది, కాబట్టి హెడ్ అంచున ఉప్పు చారలు ఉన్నాయేమో కూడా చూసి చెప్పండి. అప్పటిదాకా సగం రేజు దాటకుండా, ఒడ్డు వెంబడే నడపండి. అమ్మగారిని ఇప్పుడే ఎక్కించుకోకండి.