జిల్లేడు సారం: హీలా కణాలు చనిపోతున్నాయి, ఎల్929 కణాలు బతుకుతున్నాయి. ఇది నిజమైన ఎంపికేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను బయోటెక్నాలజీ పరిశోధక విద్యార్థిని. బీడు భూముల్లో సేకరించిన జిల్లేడు ఆకులను నీడలో ఎండబెట్టి, మెథనాల్‌తో సారం తీశాను. బతికున్న కణాలను రంగు మార్పుతో కొలిచే 72 గంటల ఎంటీటీ పరీక్షలో హీలా అనే క్యాన్సర్ కణాలు చాలా తక్కువ మోతాదుకే సగానికి పడిపోయాయి. మామూలు కణాలుగా ఎల్929 తీసుకున్నాను. వంద రెట్ల మోతాదు ఇచ్చినా వాటికి ఏమీ కాలేదు. సెలెక్టివిటీ ఇండెక్స్ (మామూలు కణాలను దెబ్బతీసే మోతాదు క్యాన్సర్ కణాలను దెబ్బతీసే మోతాదుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 3 దాటితేనే బాగుందంటారు కదా, నాకు 100 దాటింది. వెంటనే వ్యాసం రాయమని తోటివారు అంటున్నారు. పదార్థాన్ని వేరుచేసే పని మొదలుపెట్టే ముందు ఇంకేమైనా సరిచూడాలా?

జవాబు

తప్పకుండా చూడాలి. దయచేసి అంతవరకు వ్యాసం పంపకండి. మీ పరీక్షలో క్యాన్సర్ కణాలు మనిషివి, మామూలు కణాలు చుండెలుకవి. వేరే మొక్కతో అయితే దీన్ని చిన్న లోపంగా వదిలేయవచ్చేమో, జిల్లేడుతో మాత్రం కుదరదు.

జిల్లేడులో కలోట్రోపిన్, ఉస్కారిన్ వంటి కార్డినోలైడ్లు ఉంటాయి. గన్నేరు విషం, డిగాక్సిన్ మందు కూడా ఈ కుటుంబానివే. ఇవి కణం పైపొరలోని సోడియం-పొటాషియం పంపుకు అతుక్కుని దాన్ని ఆపేస్తాయి. చుండెలుకల్లో, ఎలుకల్లో ఆ పంపు ప్రధాన రూపం ఒకటి రెండు అమైనో ఆమ్లాల తేడా వల్ల ఈ విషాన్ని పట్టుకోదు. అందుకే వాటి కణాలు మనిషి కణాల కన్నా వందల రెట్ల మోతాదును తట్టుకుంటాయి. మీ 100 అనే అంకె క్యాన్సర్‌కు, ఆరోగ్యానికి మధ్య ఉన్న తేడాను కాక, మనిషికి, చుండెలుకకు మధ్య ఉన్న తేడాను చూపిస్తూ ఉండవచ్చు.

మనిషి కణితిని చుండెలుకలో పెంచి చేసే పరీక్షలోనూ ఇదే చిక్కు ఉంది. కణితి కరుగుతుంది, జంతువు క్షేమంగా తిరుగుతుంది. చూసినవారు అద్భుతమైన మందు దొరికిందనుకుంటారు.

ముందుగా ఎంఆర్‌సీ-5 వంటి మనిషి ఊపిరితిత్తుల ఫైబ్రోబ్లాస్టులను (సంధాయక కణజాలపు మామూలు కణాలను) తెప్పించుకోండి. హెచ్ఈకే293 మనిషిదే అయినా మామూలు కణం కాదు, దాన్ని ఆ స్థానంలో వాడకండి. హీలా, ఎల్929, ఎంఆర్‌సీ-5 మూడింటి మీదా మీ సారంతో పాటు డిగాక్సిన్ కూడా పెట్టండి. రెండూ ఒకే తీరులో నడిస్తే కారణం ఏమిటో దాదాపు తేలినట్టే. సారానికి కార్డినోలైడ్లను పట్టిచ్చే కెడ్డె పరీక్ష చేసి ఊదా రంగు వస్తుందేమో చూడండి. ఖర్చు స్వల్పం.

అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. ఎంఆర్‌సీ-5 మీద కూడా కొంత తేడా మిగిలితే దాన్ని నమ్మవచ్చా?

జవాబు

కొంతవరకే. ఫైబ్రోబ్లాస్టులు నెమ్మదిగా విభజన చెందుతాయి, హీలా కణాలు వేగంగా పెరుగుతాయి. విభజనను ఆపే పదార్థం ఏదైనా 72 గంటల తరువాత హీలా మీదే ఎక్కువ పనిచేసినట్టు కనిపిస్తుంది. మందు వేసే రోజున ఒక ప్లేటును ఆపి కొలిచి పెట్టుకోండి. ఆ కొలత కన్నా తగ్గితే కణాలు చనిపోతున్నట్టు, పెరుగుదల మాత్రమే నిలిస్తే విభజన ఆగినట్టు. ఈ రెండూ వేర్వేరు ఫలితాలు.

ఎంటీటీతో మరో ఇబ్బంది ఉంది. ఆకు సారంలోని పాలీఫినాల్స్ కణాలు లేకున్నా ఎంటీటీ పసుపు రంగును ఊదాగా మార్చగలవు. ప్లేటులో కణాలు లేని గుంటల్లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి. వీలైతే ప్రోటీన్‌ను కొలిచే ఎస్‌ఆర్‌బీ పరీక్షతో సరిపోల్చండి.

మరొక సభ్యురాలు

వృక్షశాస్త్రం వైపు నుంచి ఒక మాట. మన దగ్గర జిల్లేడు రెండు జాతులు. పూరేకులు వెనక్కి వంగి ఉంటే కలోట్రోపిస్ జైజాంటియా, నిటారుగా నిలిచి కొసల్లో ఊదా రంగుంటే ప్రొసీరా. పూలతో ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) జమచేసి, ఆ సంఖ్యను వ్యాసంలో ఇవ్వండి. అది లేకపోతే మీరు ఏ మొక్కపై పనిచేశారో మరొకరు సరిచూడలేరు.

ఇంకొక సభ్యుడు

మా పెదనాన్నగారికి క్యాన్సర్. జిల్లేడు ఆకు కషాయం కొద్దిగా ఇవ్వమంటారా?

జవాబు

వద్దండి, ఒక్క చుక్క కూడా వద్దు. పైన చెప్పిన పంపు గుండె కండరంలోనూ ఉంటుంది. గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. డిగాక్సిన్‌నే వైద్యులు రక్తంలో మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు మించకుండా కనిపెట్టుకుని ఉంటారు. ఇంటి కషాయంలో ఎంత విషం ఉందో ఎవరూ కొలవలేరు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆయనకు చికిత్స చేస్తున్న వైద్యులకు ఈరోజే చెప్పండి.

అడిగినవారు

అయితే ఈ మొక్కను వదిలేయాలా?

జవాబు

తొందరపడకండి. 1958లో కెనడాలో బిళ్ళగన్నేరు నుంచి విన్‌బ్లాస్టిన్ బయటపడింది మధుమేహం కోసం చూస్తుండగా, ఎలుకల్లో తెల్లరక్తకణాలు పడిపోవడం గమనించినందువల్లే. ఆ దుష్ప్రభావమే నేటికీ ఆ మందు మోతాదుకు హద్దు. మామూలు కణాలకు హాని ఉన్నంత మాత్రాన మొక్క పనికిరానిది కాదు.

సారాన్ని హెక్సేన్, క్లోరోఫాం, ఇథైల్ అసిటేట్, నీటి భాగాలుగా విడదీయండి. ప్రతి భాగాన్నీ ఆ మూడు కణాల మీదా, కెడ్డె పరీక్షతోనూ చూడండి. ఊదా రంగు రాని భాగంలోనూ హీలాకూ ఎంఆర్‌సీ-5కూ మధ్య తేడా కనిపిస్తే, మీ శ్రమంతా దాని మీద పెట్టండి. డిగాక్సిన్‌ను 10 నానోమోలార్ నుంచి 10 మైక్రోమోలార్ వరకు మెట్లుగా వేయండి. సారాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ అన్ని గుంటల్లోనూ ఒకే స్థాయిలో, 0.5 శాతం దాటకుండా ఉండాలి.